షేర్ మార్కెట్‌కి గుడి స్తంభాలు ఎందుకు?

అమెరికా మార్కెట్ కుప్పకూలిందన్నా, రికార్డు కొట్టిందన్నా టీవీలో వచ్చే దృశ్యం ఒకటే. ఆరు తెల్లటి భారీ స్తంభాలు, వాటి మీద శిల్పాలున్న పెద్ద త్రికోణం, చాలాసార్లు స్తంభాలకు అడ్డంగా కట్టిన అమెరికా జెండా. అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్. అందరూ వాల్ స్ట్రీట్ అంటారు కానీ ఈ స్తంభాల ముఖం ఉన్నది పక్కనున్న బ్రాడ్ స్ట్రీట్ మీద. 1903లో తెరిచిన ఈ భవనాన్ని చూసిన ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి. షేర్లు కొని అమ్ముకునే చోటుకి రెండు వేల ఏళ్ల నాటి రోమన్ గుడి రూపం ఎందుకు?

దీనికి రెండు జవాబులు చెబుతుంటారు. డబ్బున్నవాళ్లు డాబు కోసం కట్టుకున్నారన్నది ఒకటి. ఆ రోజుల్లో అదే ఫ్యాషన్ అన్నది రెండోది. రెండిట్లోనూ నిజం ఉంది. కానీ ఈ రెండూ చెప్పి ఊరుకుంటే భవనంలో అసలు తెలివి మనకు కనిపించకుండా పోతుంది. నా దృష్టిలో ఆ స్తంభాలు అలంకారం కంటే ముందు ఒక ఇంజినీరింగ్ చిక్కుకి దొరికిన పరిష్కారం. ఆ చిక్కు పేరు వెలుతురు.

కావలసింది ఏమిటి

1792 మే 17న 24 మంది బ్రోకర్లు వాల్ స్ట్రీట్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తన పుట్టుకను అక్కడి నుంచే లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత కాఫీ హౌస్‌లో, అద్దె గదుల్లో బేరాలు నడిచాయి. 1865లో బ్రాడ్ స్ట్రీట్ మీదికి వచ్చారు. అంతర్యుద్ధం ముగిశాక రైల్వేలు, ఆ వెనకే ఉక్కు కంపెనీలు వచ్చేసరికి ఆ భవనం ఎంత పెంచినా చాలలేదు. 1901 ఏప్రిల్ చివర్లో ఒక్కరోజే 30 లక్షలకు పైగా షేర్లు చేతులు మారాయి. అప్పుడు కంప్యూటర్ తెర లేదు. ఆ అమ్మకాలు, కొనుగోళ్లు అన్నీ మనుషులు నిలబడి, అరిచి, చేతులు ఊపి, చీటీల మీద రాసుకుని చేసినవే.

కాబట్టి కొత్త భవనానికి మొదటి షరతు ఒక పెద్ద హాలు. మధ్యలో స్తంభం అడ్డు రాకూడదు. ఒక మూల నుంచి అరిస్తే ఇంకో మూలకు మనిషి కనపడాలి. చీటీ మీద పెన్సిల్‌తో రాసిన అంకె తప్పు చదవకూడదు. వందల మంది ఒకేచోట చెమటలు కక్కుతుంటే గాలి ఆడాలి. అప్పటికి కరెంటు దీపాలు వచ్చాయి గానీ అంత పెద్ద హాలుకి పగటి వెలుతురే దిక్కు. స్థలమేమో దక్షిణ మాన్‌హట్టన్‌లో, ఇరుకు వీధుల మధ్య, చుట్టూ ఏటికేడు ఎత్తు పెరుగుతున్న భవనాలతో నిండిన చోటు.

పేరున్న ఆర్కిటెక్టుల మధ్య పోటీ పెట్టి జార్జ్ బి. పోస్ట్‌ని ఎంచుకున్నారు. ఈయన సంగతి తెలిస్తే సగం భవనం అర్థమవుతుంది. 1837లో పుట్టాడు, చదివింది సివిల్ ఇంజినీరింగ్, ఆ తర్వాత రిచర్డ్ మోరిస్ హంట్ దగ్గర ఆర్కిటెక్చర్ నేర్చుకున్నాడు. న్యూయార్క్‌లో ఆకాశహర్మ్యాలు మొదలైన రోజుల్లో ముందు వరుసలో ఉన్నవాడు. జోసెఫ్ పులిట్జర్ పత్రిక కోసం 1890లో పూర్తయిన ఎత్తైన వరల్డ్ బిల్డింగ్ ఆయనదే. ధాన్యం లాంటి సరుకుల బేరాలు జరిగే 1884 నాటి ప్రొడ్యూస్ ఎక్స్ఛేంజ్ కూడా ఆయనదే. స్టాక్ ఎక్స్ఛేంజ్ పాత భవనాన్ని పడగొట్టి కొత్తది కడుతున్న రెండేళ్లూ బ్రోకర్లు వ్యాపారం చేసుకున్నది ఆ ప్రొడ్యూస్ ఎక్స్ఛేంజ్ హాల్లోనే. అంటే తన కొత్త భవనాన్ని వాడబోయేవాళ్లు ఎలా తిరుగుతారో, ఎక్కడ గుమిగూడతారో తను కట్టిన పాత హాల్లోనే చూసే అవకాశం ఆయనకి దొరికింది.

1901 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. 1903 ఏప్రిల్ 22న తలుపులు తెరిచారు. ఖర్చు సుమారు 40 లక్షల డాలర్లు.

గోడ లేని గోడ

ట్రేడింగ్ హాలు కొలతలు చూడండి. దాదాపు 140 అడుగులు ఇటు, 109 అడుగులు అటు. అంటే 15 వేల చదరపు అడుగులకు పైనే. పైకప్పు ఎత్తు 70 అడుగులకు మించి ఉంటుంది. ఆ పైకప్పుని మోసేది పెద్ద పెద్ద ఉక్కు ట్రస్‌లు, అంటే ఉక్కు కడ్డీలు కలిపి చేసిన దూలాలు. మనం బయట చూసే రాతి స్తంభాలకు ఆ పనితో సంబంధం లేదు. చుట్టుపక్కల అందరూ అంగుళం వదలకుండా అంతస్తు మీద అంతస్తు వేస్తుంటే, ప్రపంచంలోనే ఖరీదైన నేల మీద ఇంత ఖాళీ గాలిని ఉంచడమే ఒక సాహసం.

ఇప్పుడు ఈ హాలుకి వెలుతురు ఎలా తేవాలి? పైన 30 అడుగుల చతురస్రంగా ఒక గాజు పైకప్పు పెట్టారు. అది చాలదు. వీధివైపు గోడ మొత్తాన్ని గాజు చేయాలి. పోస్ట్ సరిగ్గా అదే చేశాడు. బ్రాడ్ స్ట్రీట్ వైపు 96 అడుగుల వెడల్పు, 50 అడుగుల ఎత్తు ఉన్న ఒకే కిటికీ పెట్టాడు. మన లెక్కలో 530 గజాల స్థలం ఎంతో అంత గాజు నిలువుగా నిలబెట్టినట్టు. గాలి ఒత్తిడికి వంగకుండా దానికి నిలువు ఉక్కు పట్టీలు వేశాడు. వెనక న్యూ స్ట్రీట్ వైపు కూడా పెద్ద గాజు గోడే. ఇవాళ మాదాపూర్‌లో ఐటీ ఆఫీసులకు చుట్టూ వేస్తున్న గాజు ముఖాలకు ఇంజినీర్లు వాడే మాట కర్టెన్ వాల్, అంటే భవనం బరువు మోయకుండా తెరలా నిలబడే గోడ. 1903లో గుడి స్తంభాల వెనక ఉన్నదీ అదే జాతి గోడ.

కానీ 1903లో ఒట్టి గాజు గోడని వీధికి చూపిస్తే చూసేవాళ్లకి అది రైల్వే స్టేషన్ షెడ్డులాగో పూల మొక్కల గాజు ఇల్లులాగో ఉండేది. దేశం డబ్బంతా తిరిగే చోటుకి బరువైన ముఖం కావాలి. బరువు కోసం రాతి గోడ కడితే వెలుతురు పోతుంది, వెలుతురు కోసం గాజు పెడితే బరువు పోతుంది. సంప్రదాయ పాశ్చాత్య ఆర్కిటెక్చర్‌లో ఈ రెండూ కుదిరే రూపం ఒక్కటే ఉంది, స్తంభాల వరుస. చూడటానికి రాతి ముఖం, నిజానికి ఎక్కువ భాగం ఖాళీ. గాజుని ఆ ఖాళీల వెనక నిలబెట్టాడు. ఇప్పుడు స్తంభాలు డాబు కోసమా, పని కోసమా అన్న ప్రశ్నే నిలవదు.

కొరింథియనే ఎందుకు

గ్రీకు, రోమన్ స్తంభాల్లో ముఖ్యంగా మూడు రకాలు. డోరిక్ లావుగా ఉంటుంది, తల సాదాగా ఉంటుంది. అయోనిక్ తలకి రెండు చుట్టలు ఉంటాయి. కొరింథియన్ తల నిండా ఆకులు. ఆ ఆకులు మధ్యధరా ప్రాంతంలో పెరిగే అకాంథస్ మొక్కవి. రోమన్ ఆర్కిటెక్ట్ విట్రువియస్ దీనికో కథ రాసి పెట్టాడు. కొరింథ్ నగరంలో ఒక అమ్మాయి చనిపోతే, ఆమెను పెంచిన దాది ఆ పిల్లకి ఇష్టమైన వస్తువుల్ని బుట్టలో పెట్టి, మీద ఒక పెంకు మూసి, సమాధి దగ్గర ఉంచిందట. ఆ బుట్ట కింద ఉన్న అకాంథస్ వేరు చిగురించి, ఆకులు బుట్ట చుట్టూ పాకి, పెంకు అంచు తగలగానే వంపు తిరిగాయట. అటుగా వెళ్తున్న కాలిమాకస్ అనే శిల్పి అది చూసి స్తంభం తలకి ఆ రూపం ఇచ్చాడట. నిజమో కాదో గానీ, ఎక్స్ఛేంజ్ స్తంభాల తలల్ని జూమ్ చేసి చూస్తే బుట్ట, ఆకు, పైన పెంకు, మూడూ గుర్తుపట్టవచ్చు.

మూడిట్లో ఎక్కువ అలంకారం ఉన్నది కాబట్టి డబ్బున్న సంస్థ దాన్నే ఎంచుకుంది అని సులువుగా అనేయొచ్చు. నాకు ఇంకో లెక్క కనిపిస్తుంది. ఎక్స్ఛేంజ్ స్తంభం ఎత్తు సుమారు 52 అడుగులు. కొరింథియన్ స్తంభానికి సంప్రదాయ నియమం ప్రకారం ఎత్తు స్తంభం మొదట్లో ఉండే వ్యాసానికి పది రెట్లు దాకా ఉండొచ్చు. అంటే మందం ఐదు అడుగుల పైచిలుకు. అదే ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి తరహా గ్రీకు డోరిక్ అయితే ఐదున్నర రెట్లే. ఆ లెక్కన మందం తొమ్మిది అడుగులు దాటిపోతుంది. ఆరు స్తంభాలకూ కలిపి చూస్తే పాతిక అడుగుల వెడల్పు తేడా. 96 అడుగుల కిటికీలో పాతిక అడుగులు మూసుకుపోవడం చిన్న విషయం కాదు. సన్నని స్తంభం ఎంచుకుంటే హాల్లోకి అంత ఎక్కువ ఎండ వస్తుంది.

స్తంభాల మీద నిలువుగా చెక్కిన గాళ్లు చూడండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక్కో గాడిలో ఒక్కో నీడ గీత పడుతుంది. దాంతో ఐదడుగుల రాయి కూడా సన్నగా, నిటారుగా కనిపిస్తుంది. ఇరుకు వీధిలో తల ఎత్తి చూసేవాడికి ఆ గీతలే చూపుని పైకి లాక్కుపోతాయి.

తేడా కళ్లారా చూడాలంటే అక్కడే వీధి మూల మీద ఫెడరల్ హాల్ ఉంది. 1842లో కస్టమ్స్ ఆఫీసుగా కట్టారు. ముందు ఎనిమిది డోరిక్ స్తంభాలు, లావుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటి వెనక నీడ తప్ప ఏమీ కనపడదు. గంభీరంగా ఉంటుంది, నిజమే. కానీ అలాంటి ముఖం వెనక 1903 నాటి ట్రేడింగ్ హాలు పెడితే మిట్టమధ్యాహ్నం కూడా దీపాలు పెట్టుకోవాల్సిందే.

ఇంకో విషయం. గ్రీకు గుడికి చుట్టూ మెట్లు, చుట్టూ స్తంభాలు. రోమన్ గుడి అలా కాదు. ఎత్తైన పీఠం మీద నిలబడి, ముందువైపు మాత్రమే తన వైభవం చూపిస్తుంది. ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్న మెజోఁ కారే అలాంటిదే. దానికీ ముందు ఆరు కొరింథియన్ స్తంభాలే. పోస్ట్ తీసుకున్నది ఈ రోమన్ పద్ధతి. అయితే ఒక మార్పు చేశాడు. మెట్లు తీసేశాడు. పీఠంలోనే కింద తలుపులు పెట్టి, స్తంభాల్ని తలుపుల పైన నిలబెట్టాడు. వీధి నుంచి స్తంభాల మధ్యకి మనం నడిచి వెళ్లలేం.

మనవాళ్లు దీన్ని హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీతో పోల్చుకోవచ్చు. కోఠి ఉమెన్స్ కాలేజీగా అందరికీ తెలిసిన చోటు అది. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు, 19వ శతాబ్దం మొదట్లో, లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్ డిజైన్‌తో కట్టిన ఆ భవనానికీ ముందు కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణం. కానీ అక్కడ విశాలమైన మెట్లున్నాయి, అటూ ఇటూ సింహాలున్నాయి. వచ్చిన మనిషి ఆ మెట్లెక్కి, స్తంభాల కింది నుంచి నడిచి, దొరగారి దర్బారులోకి వెళ్లాలి. ఆ స్తంభాలు స్వాగతం చెబుతూనే మన స్థాయి ఏంటో కూడా చెబుతాయి. బ్రాడ్ స్ట్రీట్‌లో స్తంభాలు ఎవరినీ లోపలికి పిలవవు. దూరం నుంచి చూసి నమ్మకం పెట్టుకోవడానికే వాటిని పైన నిలబెట్టారు.

ఇది అబద్ధపు ముఖమా

ఉక్కు చట్రం కట్టి, పైన రోమన్ రాతి ముఖం తొడగడం మోసం అన్నవాళ్లు అప్పుడే ఉన్నారు. 1893లో షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడి తెల్లటి క్లాసికల్, అంటే గ్రీకు, రోమన్ తరహా భవనాలు చూసి అమెరికా మొత్తం మురిసిపోయింది. ఆ తర్వాత బ్యాంకులు, లైబ్రరీలు, కోర్టులు అన్నీ అదే వేషం వేసుకున్నాయి. ఆ ప్రదర్శనలో అన్నిటికంటే పెద్దదైన తయారీ రంగపు భవనాన్ని డిజైన్ చేసింది కూడా జార్జ్ పోస్టే. షికాగో ఆర్కిటెక్ట్ లూయీ సల్లివన్‌కి ఇది అస్సలు నచ్చలేదు. ఆ ప్రదర్శన చేసిన నష్టం అర్ధ శతాబ్దం పాటు పోదని తర్వాత ఆయన రాశాడు. భవనం చేసే పని దాని రూపంలో కనపడాలన్నది ఆయన పట్టుదల.

సల్లివన్ మాటలో బలం ఉంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో అమెరికా ఊరూరా లేచిన చాలా బ్యాంకుల స్తంభాలకు నిజంగానే ఏ పనీ లేదు. చిన్న కౌంటరు గది ముందు గుడి ముఖం అతికించారు, అంతే. కానీ ఆ నేరం ఈ భవనం మీద మోపడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడి ఎలివేషన్ చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. ఆరు స్తంభాల ఎత్తులో ఎక్కడా అంతస్తు గీత లేదు. ఎందుకంటే వెనక అంత ఎత్తూ ఒకటే హాలు. వెడల్పంతా ఒకటే కిటికీ, వెనక గది ఒకటే కాబట్టి. లోపలున్నదాన్ని బయట ఇంత నిజాయితీగా చెప్పిన క్లాసికల్ భవనాలు వాణిజ్య రంగంలో తక్కువ. రోమన్లు కూడా వ్యాపారం, తగవుల తీర్పు లాంటివి బసిలికా అనే పెద్ద హాళ్లలోనే చేసుకునేవాళ్లు. గుడి ముఖాన్నీ బసిలికా కడుపునీ ఒక్కటి చేయడమే పోస్ట్ చేసిన పని.

త్రికోణంలో నిలబడ్డ స్త్రీ

స్తంభాల పైనున్న త్రికోణాన్ని పెడిమెంట్ అంటారు. అందులో 11 బొమ్మలున్నాయి. మధ్యలో సుమారు 22 అడుగుల ఎత్తున, రెండు చేతులూ చాచి నిలబడ్డ స్త్రీ నిజాయితీకి ప్రతిరూపం. మనిషి శ్రమ ఫలాల్ని నిజాయితీ కాపాడుతోందన్నది శిల్పం అర్థం. ఒకవైపు వ్యవసాయం, గనులు. ఇంకోవైపు విజ్ఞానం, పరిశ్రమ, కొత్త ఆవిష్కరణలు. త్రికోణం అంచులకి వెళ్లే కొద్దీ ఎత్తు తగ్గుతుంది కాబట్టి అక్కడి బొమ్మలు వంగి పనిచేస్తున్నట్టో, కూర్చున్నట్టో ఉంటాయి. శ్రమ చేసేవాళ్లని మూలల్లోకి వంచి, మధ్యలో నిజాయితీని నిటారుగా నిలబెట్టారు. గ్రీకుల కాలం నుంచీ శిల్పులకి పెడిమెంట్ పెట్టే పరీక్ష ఇదే.

దీన్ని రూపకల్పన చేసింది జాన్ క్విన్సీ ఆడమ్స్ వార్డ్, ఆయనతో కలిసి పనిచేసింది పాల్ వేలాండ్ బార్ట్‌లెట్, చెక్కింది పిచ్చిరిల్లి సోదరులు. 1904లో పైకెక్కించారు. ఫెడరల్ హాల్ మెట్ల మీద నిలబడి ఎక్స్ఛేంజ్ వైపు చూస్తున్న జార్జ్ వాషింగ్టన్ విగ్రహం కూడా వార్డ్ చేసిందే.

ఇప్పుడు కనపడే బొమ్మలు మాత్రం అప్పటి పాలరాయివి కావు. నగరం పొగకి, వాతావరణానికి పాలరాయి ముప్పై ఏళ్లలోనే పాడైపోయింది. బరువు కూడా పెద్ద సమస్యే, మొత్తం సుమారు 90 టన్నులు. 1936లో వాటిని తీసేసి, సీసం పూత పూసిన రాగి రేకుతో అచ్చం అలాంటివే చేసి పెట్టారు. కొత్తవి పది టన్నులే. ఈ మార్పు సంగతి బయటికి పెద్దగా పొక్కనివ్వలేదని చెబుతారు. మహా మాంద్యంలో ఉన్న రోజులవి, భయం అర్థం చేసుకోదగ్గదే. రాయి పోయినందుకు నాకు బాధే. కానీ నడిచే జనం నెత్తిన ముక్కలు రాలకుండా, రూపం పోకుండా కాపాడిన ఆ నిర్ణయం సరైనదే అనుకుంటాను.

ఆ శిల్పం కింద మన కంపెనీలూ నిలబడ్డాయి. 2001లో హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్ ఇక్కడ లిస్ట్ అయింది. అదే ఏడాది సత్యం కంప్యూటర్స్ కూడా వచ్చింది. 2009 జనవరిలో సత్యం లెక్కల మోసం బయటపడినప్పుడు దాని దెబ్బ హైదరాబాద్‌లో మదుపరులకే కాదు, ఇక్కడ ఆ షేర్లు కొన్నవాళ్లకీ తగిలింది. నిజాయితీని శిల్పంగా నెత్తిన పెట్టుకున్నంత మాత్రాన అది దానంతటదే పనిచేయదు. ఆడిటర్లు, నియమాలు, లెక్కలు సరిగ్గా ఉండాలి. అయినా ఆ శిల్పం అక్కడ ఉండాల్సిందే అంటాను. షేరు కాగితం కొనేవాడు నిజానికి కొనేది ముక్కూ మొహం తెలియని మనిషి ఇచ్చిన మాటని. ఆ మాటే ఈ వ్యాపారానికి ఆధారమని భవనం బహిరంగంగా ఒప్పుకుంటోంది.

లోపలి యంత్రం

న్యూయార్క్ వేసవి ఉక్క మన విజయవాడకి తీసిపోదు. కిటికీలు తెరిస్తే వీధి దుమ్ము, మూసేస్తే ఊపిరాడదు. ఆల్‌ఫ్రెడ్ వుల్ఫ్ అనే ఇంజినీర్ ఈ భవనానికి 300 టన్నుల చల్లదనపు వ్యవస్థ పెట్టాడు. మన ఇళ్లలో ఒకటిన్నర టన్ను ఏసీ ఉంటుంది కదా, అలాంటివి రెండు వందలు ఒకేచోట అన్నమాట. కరెంటు తయారుచేసే ఇంజిన్ల నుంచి వృథాగా పోయే ఆవిరినే వాడి చల్లదనం పుట్టించారు. సరిగ్గా ఆ ముందటేడే, 1902లో, నది అవతల బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం విల్లిస్ క్యారియర్ తన మొదటి ఏసీ డిజైన్ చేశాడు. మనుషులు హాయిగా ఉండటం కోసం పెద్ద ఎత్తున గాలిని చల్లబరిచిన తొలి భవనాల్లో స్టాక్ ఎక్స్ఛేంజ్ ఒకటి.

గోడల మీద బ్రోకర్ల నంబర్లతో పెద్ద బోర్డులు ఉండేవి. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఆ బ్రోకర్ నంబరు అక్కడ వెలిగేది. గోల మధ్య పేరు పెట్టి పిలిస్తే వినపడదు మరి. చీటీలు గాలి ఒత్తిడితో నడిచే గొట్టాల్లో పరుగెత్తేవి. పాత భవనంలో కొట్టే గాంగ్‌కి (పళ్లెం లాంటి లోహపు గంట) బదులు ఇత్తడి బెల్లు వచ్చింది కూడా 1903లోనే.

తర్వాతి వందేళ్లలో ఆ హాలు నిండా తెరలు, తీగలు, లైట్లు వచ్చి చేరాయి. పగటి వెలుతురు అవసరమే లేకుండా పోయింది. 2010 నుంచి ఎక్స్ఛేంజ్ అసలు కంప్యూటర్లు న్యూజెర్సీలోని మావా పట్టణంలో ఉన్నాయి. ఏ శిల్పమూ, ఏ స్తంభమూ లేని డేటా సెంటర్ అది. అమ్మకం ఆర్డరు, కొనుగోలు ఆర్డరు కలుసుకునేది ఎక్కువగా అక్కడే. న్యూజెర్సీలో ఉండే మన తెలుగువాళ్లు శని, ఆదివారాల్లో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి బ్రాడ్ స్ట్రీట్ స్తంభాలు చూపించడానికి నది దాటి వస్తారు. ట్రేడింగ్ నడిచే పెట్టె మాత్రం వాళ్ల రాష్ట్రంలోనే ఉంది. దాని ముందు ఫొటో దిగాలని ఎవరికీ అనిపించదు. బ్రాడ్ స్ట్రీట్ హాల్లో ఇప్పటికీ కొంతమంది బ్రోకర్లు ఉన్నారు, బెల్లు మోగుతుంది, కొత్త కంపెనీ వచ్చిన రోజు చప్పట్లు వినపడతాయి.

1978లో ఈ భవనాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా, 1985లో న్యూయార్క్ నగర కట్టడంగా ప్రకటించారు. 2001 సెప్టెంబరు 11 తర్వాత మామూలు సందర్శకుల్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. వెళ్లినవాళ్లు దగ్గర్లోని పేరున్న కంచు ఎద్దు బొమ్మ దగ్గర ఫొటో దిగి తిరిగి వచ్చేయకండి. ఫెడరల్ హాల్ మెట్ల మీద, వాషింగ్టన్ విగ్రహం పక్కన నిలబడండి. వీలైతే మధ్యాహ్నానికి ముందే వెళ్లండి, తూర్పు ఎండ ఎదురుగా ఆ స్తంభాల మీద పడుతుంది. శిల్పం చూశాక స్తంభాల మధ్య సందుల్లోకి చూడండి. ఆ నల్లటి గాజు పలకలు, వాటిని పట్టుకున్న ఉక్కు పట్టీలు కనపడతాయి. ఆ తర్వాత వెనక న్యూ స్ట్రీట్‌లోకి వెళ్లి అవతలి ముఖం కూడా చూసి రండి.